పవర్ తీసేసిన స్టీరింగ్

ఈ మధ్య బన్నేరుఘట్ట రోడ్డులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కార్ల పోటీల మీద సభ జరిగింది. సొంతంగా రేసు కారు కట్టుకునే విద్యార్థులు హాలు నిండా ఉన్నారు. వేదిక మీద ఒకప్పటి మా యజమాని కూర్చున్నాడు. ఇప్పుడాయన రేసింగ్ క్లబ్బు కమిటీకి అధ్యక్షుడు. నేను ముందు వరుసలో ఉన్నాను. ఒక విద్యార్థి లేచి, రేసు కారుకు పవర్ స్టీరింగ్, ఏబీఎస్ లాంటివి ఉండాలా వద్దా అని అడిగాడు. మంచి ప్రశ్న. దానికి మా యజమాని జవాబు చెప్పకుండా కథ చెప్పాడు.

"మా కార్లకు అవేమీ ఉండేవి కాదప్పా. ఒకమ్మాయి ఉండె. బాగానే నడిపేది. ఆఖరు రేసులో చేతుల్లో సత్తువ అయిపోయి, గోడకు పోయి కొట్టింది. రేసంటే అదే. వేలితో తిప్పే స్టీరింగ్ కావాలంటే మాల్‌కు పోయి వీడియో గేమ్ ఆడుకోవచ్చు."

హాలంతా నవ్వింది. మీలో కొందరు ఆ నవ్వినవాళ్ళలో ఉండి ఉంటారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆయన చెప్పే పద్ధతి అలాంటిది. నా కోపం ఆయన మీద, ఆయనకంటే ఎక్కువగా నా మీద. ఎందుకంటే ఆ కథకు ముడిసరుకు నేనిచ్చిందే. లేచి అది అబద్ధమని చెప్పాల్సింది. చెప్పకుండా టీ తాగి ఇంటికి వచ్చాను. ఇప్పుడు చెబుతున్నాను. నవ్వినవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి.

జిగణిలో మాకొక షెడ్డు ఉండేది. ఒక పక్క గ్రానైట్ కోసే ఫ్యాక్టరీ, ఇంకో పక్క అట్టపెట్టెలు చేసే యూనిట్. మామూలు సెడాన్ కార్లు కొని, లోపలి సీట్లు, కార్పెట్లు, ఏసీ పీకేసి, డ్రైవరు చుట్టూ ఇనుప పైపుల పంజరం వెల్డింగ్ చేసి, వెడల్పాటి రేసు టైర్లు వేసి పోటీలకు సిద్ధం చేసేవాళ్ళం. అన్ని కార్లూ ఒకేలా ఉండాలి, గెలుపు డ్రైవరుదే కావాలి అన్నది ఆ పోటీల ఉద్దేశం. టెక్నికల్ పనికి నేను పెద్దను. నియమాలు రాసేది నేనే, కార్లు ఆ నియమాల ప్రకారం ఉన్నాయో లేదో తనిఖీ చేసేదీ నేనే. ఒకే మనిషికి రెండు పనులూ ఇవ్వకూడదని అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు. పెత్తనం బాగుండేది.

ఆ సెడాన్లకు కంపెనీ నుంచి పవర్ స్టీరింగ్ వచ్చేది. ఇంజను తిప్పే ఒక బెల్టు, ఆ బెల్టు తిప్పే పంపు, ఆ పంపు నెట్టే నూనె. స్టీరింగ్ తిప్పేటప్పుడు మన చేతికి తోడుగా ఆ నూనె తోస్తుంది. రోడ్డు మీద దానికి తిరుగులేదు. రేసు టైర్లు వేసి టెస్టుకు తీసుకెళ్తే మాత్రం నూనె కాగిపోయి, మూత దగ్గర పొంగి, వేడి పైపు మీద పడి పొగ లేచింది. మంట రాలేదు, అదే అదృష్టం.

దానికి చేయాల్సిన పని తెలియనిదేమీ కాదు. నూనె చల్లబడడానికి చిన్న రేడియేటరు లాంటిది ఒకటి బిగించాలి. అది వద్దనుకుంటే, పవర్ సాయం అక్కర్లేని పాతకాలపు స్టీరింగ్ యంత్రాంగం మొత్తం తెచ్చి పెట్టాలి. రెండిటికీ సమయం కావాలి. సీజను మొదలయ్యే తేదీ అప్పటికే ప్రకటించేశారు. యజమాని షెడ్డుకు వచ్చి, బానెట్ కింద తల పెట్టి చూసి, "బెల్టు తీసేయప్పా. కథ ముగిసె" అన్నాడు. నేను బెల్టు తీసేశాను. నూనె గొట్టాలు రెండిటినీ ఒకదానికొకటి కలిపేసి క్లిప్పులు బిగించాను. కథ ముగిసిందనే నేనూ అనుకున్నాను.

చదువుకునే పిల్లలు కాబట్టి ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. పవర్ లేని స్టీరింగ్ వేరు, పవర్ తీసేసిన స్టీరింగ్ వేరు. పాతకాలపు కార్లలో పవర్ ఉండేది కాదు. అందుకని వాటి పళ్ళ చక్రాలను చేతికి తేలికగా ఉండేలా అమర్చేవాళ్ళు. స్టీరింగ్ ఎక్కువ చుట్లు తిప్పాలి, కానీ తిరుగుతుంది. పవర్ ఉన్న కారులో నూనె తోస్తుందన్న ధీమాతో చుట్లు తగ్గిస్తారు. కొంచెం తిప్పితే చక్రం చాలా తిరుగుతుంది. ఆ నూనె సాయాన్ని తీసేసి, చుట్లు మాత్రం అలాగే ఉంచి, పైగా వెడల్పాటి టైర్లు వేస్తే, ఆ బరువంతా డ్రైవరు మణికట్టు మీద పడుతుంది. చక్రం గుంతలోనో గట్టు మీదో పడితే ఆ దెబ్బను మింగేది కూడా ఆ నూనే. అదీ పోయింది. ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో అడిగితే బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి.

తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోస్టర్లు అచ్చయ్యే ముందు, పవర్ స్టీరింగ్ లేకపోవడాన్ని ఎలా చెప్పాలన్న మాట వచ్చింది. తప్పు చేశామని ఎవరు అచ్చు వేసుకుంటారు? "ఏ సాయమూ లేదు. డ్రైవరు మాత్రమే." అని వేశారు. ఆ మాట రాసిచ్చింది నేనే. పంపు కాగిపోయింది కనుక బెల్టు తీసినవాళ్ళం, నెల తిరిగేలోపు సిద్ధాంతం కోసం బెల్టు తీసినవాళ్ళమయ్యాం. పత్రికల వాళ్ళు వచ్చి అడిగితే, డ్రైవరుకు రోడ్డు చేతుల్లో తెలియాలి, యంత్రం మధ్యలో అడ్డు రాకూడదు అని నేను ఉపన్యాసాలు ఇచ్చాను. కొన్నాళ్ళకు నిజంగానే నమ్మడం మొదలుపెట్టాను. అన్నిటికంటే సిగ్గుచేటు అదే.

ఆ అమ్మాయిది బళేపేటలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. వాళ్ళ నాన్నకు అక్కడ హార్డ్‌వేర్ దుకాణం. చిన్నప్పటి నుంచి గో-కార్టులనే చిన్న రేసు బండ్లు నడిపి గెలుస్తూ, మా పోటీలకు వచ్చింది. షెడ్డులో కూర్చున్నంతసేపూ ఏమీ మాట్లాడేది కాదు. కారు దిగిన తర్వాత మాత్రం ఏ మలుపులో ఏ చక్రం ఏం చేసిందో పూసగుచ్చినట్టు చెప్పేది. ఇంజనీరుకు అలాంటి డ్రైవరు దొరకడం వరం. నన్ను "అన్నా" అని పిలిచేది. షెడ్డులో మిగతావాళ్ళంతా "సార్" అనేవాళ్ళు.

కొన్ని రేసుల తర్వాత ఆమె నాతో చెప్పింది. రేసులో మొదటి సగం బాగానే ఉంటుందట, తర్వాత ముంజేతులు మొద్దుబారతాయట. నేను నవ్వి, బరువుగానే ఉంటుంది, అందుకే రేసు కారన్నారు, జిమ్‌కు పో అన్నాను.

"బరువుగా ఉండాదని చెప్తా లేను అన్నా. లేటుగా ఉండాదని చెప్తా ఉండా" అంది. "వెనక చక్రాలు జారతానే స్టీరింగ్ యాడికి తేవల్లనో నాకు తెలుసు. తెచ్చేసరికి చేయి లేటవుతాది. మొదటి సగంలో ఇట్ల ఉండదు."

ఇంతకంటే స్పష్టంగా ఏ డ్రైవరూ ఏ ఇంజనీరుకూ చెప్పలేడు. అయినా నేను జిమ్ మాటే మళ్ళీ అన్నాను. ఆమె జిమ్‌కు వెళ్ళింది కూడా. నెలల తరబడి వెళ్ళింది. భుజాలు గట్టిపడ్డాయి. చుట్లు తక్కువున్న యంత్రాంగం మాత్రం అలాగే ఉంది.

వాళ్ళ నాన్న ఒకసారి షెడ్డుకు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో స్కూటర్ తాళం. కారును చుట్టూ తిరిగి చూసి, ఆగి ఉన్న కారు స్టీరింగ్‌ను కిటికీలోంచి చేయి పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు. "దీనికి పవర్ స్టీరింగ్ లేదాప్పా?" అని అడిగాడు. లేదన్నాను. "లారీలకే వచ్చి ఎన్నాళ్ళో అయింది. మా గోడౌనుకు వచ్చే టెంపోకు గూడా ఉండాది. మీ రేసు కారుకు లేదంటే ఎట్ల?"

షెడ్డులో అందరూ నవ్వారు. అది సరుకు మోసే బండి, ఇది రేసు కారు అని నేను వివరించబోయాను.

"అవును. దాంట్లో మేకుల పెట్టెలు ఉంటాయి. దీంట్లో నా బిడ్డ ఉంటాది" అన్నాడాయన. ఆయన వెళ్ళిపోయాక ఆ మాటను అందరికీ జోకులా చెప్పాను.

మగ డ్రైవర్ల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగం నిజమే చెప్పినట్టు. బయట మైకుల ముందు ఒక్కడూ నోరెత్తలేదు. లోపల, రేసు అయ్యాక, వాళ్ళ గదుల్లో ఐసు నీళ్ళ బకెట్లు ఉండేవి. మోచేతుల దాకా ముంచుకుని కూర్చునేవాళ్ళు. మణికట్లకు టేపు చుట్టుకుని, పైన గ్లౌజులు వేసుకునేవాళ్ళు. ఒకతను నొప్పి మాత్ర వేసుకోకుండా కారెక్కేవాడు కాదు. నన్నొక్కణ్ణే పక్కకు పిలిచి, వచ్చే ఏడైనా ఏదో ఒకటి చేయండి సార్, నా పేరు చెప్పకండి అన్నవాళ్ళు ఒకరిద్దరు కాదు. అందరూ నాతో చెప్పారు, అందరూ తమ పేరు వద్దన్నారు. తన పేరు దాచకుండా అడిగింది ఆమె ఒక్కతే. అందుకే చేతకానిదన్న పేరు కూడా ఆమె ఒక్కదానికే వచ్చింది.

ఇంకొకతను ఉన్నాడు. ఆ సీజనులో ఆమెకు సరిసమానంగా నిలిచినవాడు. యజమాని స్నేహితుడి కొడుకు. ముందు చక్రాలు అటూ ఇటూ తిరిగే ఇరుసును కొంచెం వెనక్కి వాలి ఉండేలా బిగిస్తాం. ఆ వాలు ఎక్కువైతే కారు మలుపులో బాగా పట్టుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. వాలు తగ్గిస్తే స్టీరింగ్ తేలికవుతుంది. ఎవరూ మార్చకూడదని నేనే నియమం రాశాను. ఒక రేసు ముందు తనిఖీలో అతని కారుకు ఆ వాలు తగ్గించి ఉండడం నా కొలతలో తేలింది. తన చేతులకు కావలసిన సాయం అతను దొంగతనంగా తెచ్చుకున్నాడన్నమాట. నేను యజమాని ముఖం చూశాను. ఆయన ఆకాశం చూశాడు. నేను తనిఖీ అయిందన్న స్టిక్కరు అంటించి కారును వదిలేశాను. ఆ తర్వాత ఆ కారు దగ్గర కొలత తీయడమే మానేశాను.

చివరి రేసు తమిళనాడులో ఉన్న ట్రాక్ మీద. ఎండ మాడ్చేస్తోంది. ఆ రేసులో ముందు నిలిచినవాళ్ళకు విదేశంలో ఒక టీము కారు నడిపి చూపే అవకాశం ఉంది. నచ్చితే అక్కడే సీటు. మన దేశంలో కారు నడిపే పిల్లలకు అలాంటి తలుపు తెరుచుకోవడం అరుదు. ఆమె, అతను, ఇద్దరిలో ఎవరు ముందుంటే వాళ్ళదే.

ఆమె మొదటి నుంచీ ముందుంది. మొదటి సగం చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు, అంత శుభ్రంగా నడిపిన కారును ఆ ట్రాక్ మీద చూడలేదని. రెండో సగంలో నేను ట్రాక్ పక్క గోడ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ పొడవైన కుడి మలుపులో కారు ప్రతిసారీ కాస్త బయటికి పోతోంది. చేయి లేటవుతోంది. అదే, ఆమె చెప్పిందే. నా కళ్ళ ముందు జరుగుతోంది. నేను చేయగలిగింది ఏమీ లేదు. చేయగలిగిన రోజుల్లో చేయలేదు.

ముగింపు దగ్గర పడ్డాక, ఆ మలుపులోనే వెనక చక్రాలు జారాయి. ఆమె స్టీరింగ్ తిప్పింది, ఆలస్యంగా. ముందు చక్రం ట్రాక్ అంచున ఎరుపు తెలుపు రంగులేసిన గట్టు ఎక్కింది. ఆ దెబ్బకు స్టీరింగ్ ఒక్కసారి విసురుగా అటు తిరిగింది. బొటనవేలు స్టీరింగ్ కమ్మీలో ఇరుక్కుంది. మణికట్టు విరిగింది. కారు గడ్డి మీదుగా వెళ్ళి టైర్ల గోడకు తగిలింది. పంజరం గట్టిది, వెల్డింగ్ మేం బాగానే చేశాం, ప్రాణానికి ఏమీ కాలేదు. వెనక వస్తున్నవాడు దాటుకుని పోయి గెలిచాడు.

సాయంత్రం, కార్లు ఆపి సరిచేసుకునే పిట్‌ల పైన ఉన్న చిన్న గదిలో విచారణ. పోటీ అధికారులు టేబులు వెనక కూర్చున్నారు. మెట్లెక్కేటప్పుడు యజమాని నా భుజం మీద చేయి వేశాడు. "నోరు స్వల్ప చూసుకో అప్పా. స్పాన్సర్లంతా కిందనే ఉండారు" అన్నాడు. బెదిరించాడని నేను చెప్పను. బెదిరించాల్సిన అవసరం రాలేదు.

అధికారులు ఒక్క ప్రశ్నే అడిగారు. స్టీరింగ్‌లో ఏదైనా లోపం ఉందా?

"స్టీరింగ్ నియమాల ప్రకారమే ఉంది" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే, అది కనీసం మాట వరసకైనా నిజమయ్యేది. నేను రాసిన నియమాల ప్రకారం అది ఉంది. కానీ ఆగలేదు. "డ్రైవరుకు బలం చాలలేదు" అన్నాను.

ఆ రెండో వాక్యం నన్నెవరూ అడగలేదు. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అక్కడికే వచ్చి ఆగుతాను. ఎవరూ అడగలేదు. ఆమెను వేలెత్తి చూపకపోతే ఆ వేలు నా వైపు తిరుగుతుందేమోనని నేనే ముందుగా చూపించాను. వాళ్ళు రాసుకున్నారు. నివేదికలో అదే తీర్పుగా వచ్చింది.

కింద వైద్యుల గదికి వెళ్ళాను. చేతికి కట్టు కట్టి, మంచం మీద కూర్చోబెట్టారు. వాళ్ళ నాన్న పక్కన నిలబడి నీళ్ళ సీసా పట్టుకున్నాడు. వార్త నాకంటే ముందే వాళ్ళకు చేరింది.

"నా చేతుల్లో బలం లేదని చెప్పినారంట కదా సార్" అంది.

అంతవరకు నేను అన్నను. ఆ రోజు నుంచి సార్‌ని.

తర్వాతి విషయాలు త్వరగా చెప్పేస్తాను, చెబుతుంటే కోపం ఆగదు. విదేశానికి ఆ రేసు గెలిచినతను వెళ్ళాడు. ఆ టీము కారుకు పవర్ స్టీరింగ్ ఉందని తర్వాత తెలిసింది. పవర్ స్టీరింగ్ ఉన్న కారు నడపడానికి, పవర్ తీసేసిన స్టీరింగ్‌తో మనుషులను వడగట్టి పంపామన్నమాట. అతనికక్కడ సీటు రాలేదు. అందుకు నేనేమీ సంతోషించలేదు. అతనూ మంచి డ్రైవరే. దొంగతనం మేం నేర్పిందే.

మరుసటి సీజనుకు కార్లన్నిటికీ ఎలక్ట్రిక్ మోటారు సాయం చేసే స్టీరింగులు వచ్చాయి. జిగణి షెడ్డులో వాటిని బిగించింది నేనే. డ్రైవర్ల సౌకర్యం కోసమని ప్రకటించారు. అందరూ ఇంకా వేగంగా నడిపారు. ఐసు బకెట్లు మాయమయ్యాయి. అప్పుడెవరూ వీడియో గేమ్ అనలేదు. ఏ సాయమూ లేదన్న పోస్టరును ఎవరో మడిచి, నూనె కారే డ్రమ్ము కింద వేశారు. ఆ అమ్మాయి సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కొన్నేళ్ళు అక్కడే జీతం తీసుకుని, తర్వాత వేరే ఫ్యాక్టరీలో చేరిపోయాను.

మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు కూడా చెప్పాలి. రేసు కారుకు అన్ని సాయాలూ ఉండాలని నేను అనను. చక్రాలు జారకుండా ఇంజనును తనంతట తనే అదుపు చేసే యంత్రం ఉంది. యాక్సిలరేటరు మీద కాలు ఎంత నొక్కాలన్నది డ్రైవరు నేర్చుకోవాల్సిన విద్య. దాన్ని కంప్యూటరుకు అప్పగిస్తే పోటీ దేనికి? దాన్ని వద్దంటే నేనూ చేయెత్తుతాను. కానీ పవర్ స్టీరింగ్ ఏ నిర్ణయమూ తీసుకోదు. ఎటు తిప్పాలో, ఎప్పుడు తిప్పాలో అది చెప్పదు. తిప్పాలని మెదడు అనుకున్న క్షణానికి, చేయి తిప్పే క్షణానికి మధ్య దూరాన్ని తగ్గిస్తుంది, అంతే. కండరాల పోటీ పెట్టాలంటే బరువులెత్తే పోటీ పెట్టుకోండి, దానికి పెట్రోలు ఎందుకు? స్వచ్ఛమైన రేసింగ్ అని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు సభకు ఏ కార్లలో వస్తారో చూడండి. ఒక వేలితో తిరిగే స్టీరింగ్, వెనక కెమెరా, తనంతట తనే పార్కింగ్ చేసుకునే సదుపాయం. హొసూరు రోడ్డు ట్రాఫిక్‌లో మాత్రం వాళ్ళకు అన్ని సాయాలూ కావాలి. ఎవరైనా ఒక సాయం వద్దని సిద్ధాంతం చెబితే, ముందు ఒకటి అడగండి. అది సిద్ధాంతమా, లేక వాళ్ళ పంపు కాగిపోయిందా?

కాలేజీ సభ అయిన వారానికి ఆ అమ్మాయి వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. కాఫీ వద్దన్నాడు. క్లబ్బు వాళ్ళు కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే స్కూలు పెడుతున్నారు. హెబ్బగోడి దగ్గర గో-కార్టింగ్ ట్రాక్‌లో ఇన్నేళ్ళుగా పిల్లలకు నేర్పిస్తున్న తన కూతురు అక్కడ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. కారును అదుపు చేసే బలం లేదని పాత విచారణలో ఉంది కాబట్టి కుదరదని తిప్పి పంపారు.

"నా కూతురు పంపించలేదు నన్ను. వచ్చినానని తెలిస్తే మాట్లాడదు" అన్నాడు. "పగ సాధించేకి రాలేదప్పా. ఆ మాట చెప్పింది నువ్వు. నువ్వే వెనక్కి తీసుకోవల్ల. నేను చెప్తే తండ్రి మాటంటారు."

క్లబ్బు కమిటీకి ఉత్తరం రాశాను. పరిశీలిస్తామన్నారు. మళ్ళీ రాశాను, స్వయంగా వచ్చి చెబుతానన్నాను. చివరికి పిలిచారు. ఆమెనూ పిలిచారు. మధ్యాహ్నం, క్లబ్బు పై అంతస్తు గది, గోడల నిండా పాత రేసుల ఫొటోలు. ఆమె నాకంటే ముందే వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. నమస్కారం పెడితే తల ఊపింది. కుడి బొటనవేలు పూర్తిగా వంగదని, టీ కప్పు పట్టుకున్న తీరు చూస్తే తెలిసింది.

నేను మొదటి నుంచీ చెప్పాను. నూనె పొంగడం, బెల్టు తీయడం, గొట్టాలు కలపడం, చుట్లు మార్చకపోవడం, ఆమె ముందే చెప్పిన మాట, మిగతావాళ్ళ బకెట్లు, ఆ ఇంకో కారు చక్రాల వాలు, అడగకుండా నేను చెప్పిన వాక్యం. చెబుతుంటే గొంతు పెరిగింది. తగ్గించుకోలేదు.

"ఇప్పుడెందుకప్పా ఇదంతా?" అన్నాడు అధ్యక్షుడు, మా పాత యజమాని. కోపంగా కాదు, విసుగ్గా. "సుమ్నే, ఊరికే పాతవి తవ్వుతా ఉండావు. మన మంది పేరే కదా పొయ్యేది."

మన పేరే పోవాలి, ఆమె పేరు ఇన్నాళ్ళూ పోయింది చాలు అన్నాను. ఒక సభ్యుడు కల్పించుకుని, పాతకాలంలో డ్రైవర్లు పవర్ స్టీరింగ్ లేకుండానే నడిపారు కదా, వాళ్ళకు విరగని చేతులు ఈమెకే ఎందుకు విరిగాయన్నాడు. పవర్ లేనిదానికీ తీసేసినదానికీ తేడా అప్పుడే కదా చెప్పాను అని టేబులు మీద కొట్టాను. ఇంకొకాయన, ఎంతైనా నివేదిక నివేదికే, దాన్ని తిరగరాసే పద్ధతి మన దగ్గర లేదన్నాడు. మరొకాయన కావాలంటే ఆమెకు ఆఫీసు పనిలో ఏదైనా చూద్దామన్నాడు.

ఆమె కప్పు కింద పెట్టింది.

"ఒకటే అడుగుతాను. ఆ కారును, బెల్టు తీసేసిన ఆ కారును, మీలో ఎవరైనా ఒక రేసు మొత్తం నడిపినారా?"

అధ్యక్షుడు నా వైపు చూశాడు. టెక్నికల్ పెద్దను నేనే కదా. షెడ్డు నుంచి జిగణి రోడ్డు మీదకు తీసి వెనక్కి పెట్టడం, టెస్టు రోజుల్లో ట్రాక్ మీద నెమ్మదిగా తిప్పి తేవడం, నేను నడిపింది అంతే. ఆ నియమం రాసినవాడినీ, ఆ పోస్టరు మీది మాట రాసిచ్చినవాడినీ, ఆమె చేతుల బలం గురించి తీర్పు చెప్పినవాడినీ నేనే.

"లేదమ్మా. నేను నడపలేదు. ఇక్కడున్నవాళ్ళెవరూ నడపలేదు" అన్నాను.

ఆమె కమిటీ కార్యదర్శి వైపు తిరిగి, "అది మీటింగ్ మినిట్స్‌లో రాసుకోండి సార్" అంది.

కార్యదర్శి పెన్ను పట్టుకుని అధ్యక్షుడి ముఖం చూశాడు. అధ్యక్షుడు గోడ మీది ఫొటోలు చూస్తున్నాడు. పెన్ను కదల్లేదు. ఆమె సంచి తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వాళ్ళు రాయలేదు. అందుకే ఇక్కడ రాశాను.